గొర్రెల దొడ్డి దాకా

పొద్దున్నే టెంటు జిప్పు ఒక్క లాగుకే తెరుచుకుంది. విల్ఫ్రెడ్ హాస్లమ్ దాన్ని మంచి శకునంగానే తీసుకున్నాడు. ఆ జిప్పు మధ్యలో పట్టేయకుండా రావడం ఎప్పుడోగాని జరగదు. బయట వాన లేదు. అంటే ఉందిగాని, స్టవ్ ఆరిపోనంత సన్నగా ఉంది. టీ పెట్టుకుంటూ అలవాటు కొద్దీ రెండు కప్పులు బయటికి తీశాడు. రెండోదాన్ని చూసి ఒక్క క్షణం ఆగి, అందులో చక్కెర పోసి పక్కన పెట్టుకున్నాడు. కప్పు ఖాళీగా ఉండటం కంటే అది నయం.

ఆ రోజు ఆయన పథకం చాలా చిన్నది. గ్రేబారో కొండ ఎక్కాలి. కొండంతా కాదు. శిఖరానికి బాగా ఇవతల, మెడలాంటి చోట, రాళ్ళు పేర్చి కట్టిన పాత గొర్రెల దొడ్డి ఒకటుంది. అక్కడిదాకా వెళ్ళి, ఒక గంట ఒంటరిగా కూర్చుని, దిగి రావాలి. అంతే.

ఇరవై ఏళ్ళకు పైగా ప్రతి ఆగస్టులోనూ ఆయనా, భార్య మ్యూరియలూ బర్కెట్ గారి పొలంలోనే టెంటు వేశారు. మొదటి సాయంత్రమే మ్యాపు నేలమీద పరిచి, నాలుగు మూలలా నాలుగు బూట్లు బరువు పెట్టి, ఏ కొండ ఎక్కాలో తీవ్రంగా చర్చించేవారు. ప్రతి ఏడూ కొత్త కొత్త కొండల పేర్లన్నీ పైకొచ్చేవి. ప్రతి ఏడూ గ్రేబారోకే వెళ్ళేవారు. ఆ తర్వాత మ్యాపు మడవడం గురించి పోట్లాడుకునేవారు.

దొడ్డి దగ్గరికి రాగానే మ్యూరియల్ గోడ పక్కనున్న బల్లపరుపు రాయి మీద కూలబడేది. "నేనిక్కడ కూర్చుంటా. నువ్వెళ్ళి చూసిరా. వచ్చి నాకన్నీ చెప్పు" అనేది. ఆయన వెళ్ళేవాడు. నిజానికి ఆ చివరి ఎక్కుడంటే ఆయనకు ఏనాడూ ఇష్టం లేదు. పైన గాలికి చెవులు ఊడిపోయేవి, మోకాళ్ళు మొరాయించేవి. కానీ దిగి వచ్చి చెబుతుంటే ఆవిడ కళ్ళింత చేసుకుని వినేది. అంత ఆశగా వినే మనిషితో, వచ్చే ఏడు నేను ఎక్కనని ఎలా అంటాడు?

జనవరిలో మ్యూరియల్ పోయింది. మిగిలిన చలికాలమంతా ఆయన్ని ఒకే ప్రశ్న పట్టుకుని వదల్లేదు. ఆ రాయి మీద కూర్చుని అంతసేపూ ఆవిడ ఏం చూసేది? బతికుండగా అడగాలని ఒక్కసారీ తోచలేదు. ఇప్పుడు అడగడానికి మనిషి లేదు. రాయి ఉంది. అక్కడ కూర్చుని తనే చూడాలి. అందుకే వచ్చాడు.

పథకం చెడిపోవడం కుళాయి దగ్గర మొదలైంది.

బర్కెట్ పొలానికంతటికీ ఒకటే కుళాయి. వరసలో ముందున్నది హిల్డా ప్రెస్కాట్. ఊళ్ళో ఆవిడ గైడ్ బాలికల దళానికి నాయకురాలు. సెలవుల్లో దళం వెంట లేకపోయినా నాయకత్వం వెంటే ఉంటుంది.

"హాస్లమ్ గారూ! ఇవాళ ఎటు ప్రయాణం?"

"ఎటూ లేదండీ. ఊరికే, గ్రేబారో వైపు అలా..." అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ మర్యాద ఒకటుంది కదా. "మీరూ రావచ్చు, ఓపికుంటే."

ఆ పొలంలో ఇది మామూలే. ఎటైనా వెళ్ళేవాడు ఎదురుపడ్డవాళ్ళను ఒకసారి పిలవాలి. వాళ్ళు ఒకసారి వద్దనాలి. దాంతో ఇద్దరి మర్యాదా దక్కి, ఎవరి దారిన వాళ్ళు హాయిగా పోతారు. రెండోసారి పిలిచారంటే మాత్రం అది నిజమైన పిలుపు. కాదంటే మనసు నొచ్చుకుంటుంది. ఇన్నేళ్ళుగా అక్కడికి వస్తున్న విల్ఫ్రెడ్‌కు ఇది తెలియక కాదు. ఇదివరకు ఇలాంటి మాటలన్నీ మ్యూరియల్ చూసుకునేది.

"అయ్యో, మేమెందుకండీ మీకు అడ్డం?" అంది హిల్డా, పద్ధతి ప్రకారం.

"అబ్బే, అడ్డమేముందండీ! రండి, రండి" అనేశాడు విల్ఫ్రెడ్.

అన్న మరుక్షణం నాలుక కరుచుకున్నాడు. హిల్డా మొహంలో కూడా ఏదో మెరిసి ఆరిపోయింది. ఆవిడ ఆ పూట పక్క ఊళ్ళో ఉన్ని దుకాణానికి వెళ్దామనుకుంది. కానీ పాపం, భార్య పోయిన తొలి ఏడు, మనిషి నోరు తెరిచి రెండుసార్లు పిలిచాడు.

"తప్పకుండా వస్తాం" అంది.

టెంటు దగ్గరికి వెళ్ళి భర్త మీద కేకేసింది. "సిరిల్! బూట్లు వేసుకో. హాస్లమ్ గారు గ్రేబారోకి ఒంటరిగా వెళ్ళలేకపోతున్నారు."

టెంటులోంచి సిరిల్ తల మాత్రం బయటికొచ్చింది. "ఇవాళ క్రికెట్ ఉంది కదే."

"రేడియో ఎక్కడికీ పోదు."

"మ్యాచ్ పోతుంది."

"పొద్దున ఆయన ఎదురుగా రెండు కప్పులు పెట్టుకుని కూర్చున్నాడు సిరిల్. నా కళ్ళతో చూశాను. రెండు కప్పులు."

సిరిల్ బూట్లు అందుకున్నాడు.

పక్క టెంటులో డెరెక్ అనే యువకుడున్నాడు. బట్టల మిల్లులో గుమాస్తా. ఆ వసంతంలోనే ప్రథమ చికిత్స తరగతికి వెళ్ళి పాసయ్యాడు. అప్పటినుంచీ ఎవరైనా కింద పడతారేమోనని ఆశగా చూస్తున్నాడు. ‘ఒంటరిగా వెళ్ళలేకపోతున్నారు’ అన్న ముక్క చెవిన పడగానే, ఎర్ర సంచీ భుజాన వేసుకుని, మెడలో విజిల్ తగిలించుకుని హాజరయ్యాడు.

"గుండె ఎలా ఉందండీ?" అని అడిగాడు విల్ఫ్రెడ్‌ను.

"బాగానే ఉంది బాబూ. ఎందుకు?"

"ఊరికే" అన్నాడు డెరెక్, అనుమానంగా.

ప్రెస్కాట్ల కారు ముందు భాగం మీద మ్యాపు పరుచుకుంది. హిల్డా పెన్సిలుతో దారి గీసింది. ఆ గీత దొడ్డి దగ్గర ఆగకుండా, ఆగాలన్న ఆలోచన కూడా లేకుండా, తిన్నగా శిఖరానికి పోయింది.

"శిఖరం దాకా అక్కర్లేదేమోనండీ" అన్నాడు విల్ఫ్రెడ్ మెల్లగా.

"మొహమాటపడకండి. మాకేం కష్టం కాదు. మ్యూరియల్ గారి పేరు చెప్పుకుని మిమ్మల్ని పైకి చేరుస్తాం. ఆవిడకి ఆ కొండంటే ప్రాణం కదా?"

ఆ మాట నిజమో కాదో విల్ఫ్రెడ్‌కే సరిగా తెలియదు. తెలుసుకుందామనే కదా బయల్దేరింది. ఆ మాట ఎలా చెప్పాలో తోచక తలూపాడు.

పొలం గేటు దగ్గర బర్కెట్ పైపు నోట్లోంచి తీసి కొండవైపు చూశాడు. కొండ ఉండాల్సిన చోట మబ్బు ఉంది. "ఏ కొండకి?" అన్నాడు. వెళ్ళేవాళ్ళు ఆయనకు చెప్పి వెళ్ళడం అక్కడి పద్ధతి. వేళకు తిరిగి రాకపోతే సహాయ దళాన్ని పిలిచేది ఆయనే.

"గ్రేబారో" అంది హిల్డా.

"ఎందుకు?" అన్నాడు బర్కెట్.

నలుగురూ ఒకరినొకరు చూసి నవ్వుకుంటూ గేటు దాటారు.

సగం దారికే వాన మొహమాటం వదిలేసింది. సిరిల్ టోపీ అంచు నుంచి నీళ్ళు తిన్నగా మెడలోకి దిగుతున్నాయి. "హాస్లమ్ గారూ, మీకు అలసటగా ఉంటే చెప్పండి, వెనక్కి పోదాం. మా గురించి ఆలోచించొద్దు" అన్నాడు. ఆ గొంతులో అంత ఆశ ఉందని విల్ఫ్రెడ్‌కు తెలియలేదు.

"లేదు లేదు, నేను బాగానే ఉన్నాను. మీరింత సరదాపడి వచ్చాక..."

"సరదాయే, సరదాయే" అన్నాడు సిరిల్, బూటులోంచి నీళ్ళు ఒంపుకుంటూ.

మబ్బులోంచి నల్లగా, తడిగా, గొర్రెల దొడ్డి గోడ బయటపడింది. దాని పక్కన ఆ బల్లపరుపు రాయి. నిరుడు మ్యూరియల్ దానిమీద తన చేతిగుడ్డ పరుచుకుంది. విల్ఫ్రెడ్ అడుగు ముందుకు పడలేదు. వెళ్ళి రాయి మీద కూర్చున్నాడు.

"నేనిక్కడ కూర్చుంటానండీ. మీరు వెళ్ళి చూసి రండి" అన్నాడు. ఆ మాటలు ఎవరివో అన్నాక గుర్తొచ్చి, గొంతు వణికింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

డెరెక్ ఎర్ర సంచీ దభాలున కింద పెట్టాడు. "చలిదెబ్బ! చూడండి! ఒళ్ళు వణుకుతోంది. పైగా తనని వదిలేసి వెళ్ళమంటున్నారు. అదే మొదటి లక్షణం!"

"నాకేం కాలేదు బాబూ."

"అదే రెండో లక్షణం!"

విల్ఫ్రెడ్ ఇంకేమీ అనలేకపోయాడు. ఏమన్నా మూడోది అయ్యేట్టుంది. క్షణాల్లో ఆయన్ని మనిషంత నారింజరంగు ప్లాస్టిక్ సంచీలో మెడదాకా దోపి, నోట్లో ఇంత చాక్లెట్ కుక్కారు. ఆ చాక్లెట్ మాత్రం చాలా బాగుంది.

"సహాయ దళాన్ని పిలవాలి" అన్నాడు డెరెక్, ఇన్నాళ్ళ కలలు ఒక్కసారిగా పండినవాడిలా. "నేను పరిగెడతాను."

"ఈ మబ్బులో ఒక్కడివే వద్దు. సిరిల్, నువ్వూ వెళ్ళు" అంది హిల్డా. కిందికి వెళ్ళే పని కనక సిరిల్ ఎప్పుడూ లేనంత చురుగ్గా లేచాడు. ఇద్దరూ మబ్బులో మాయమయ్యారు.

హిల్డా, విల్ఫ్రెడ్ పక్కపక్కన కూర్చున్నారు. కాసేపటికి హిల్డా తన చేతిలోకి చూసుకుని కెవ్వుమంది. మ్యాపు, దిక్సూచి రెండూ అక్కడే ఉన్నాయి.

"దేవుడా! సిరిల్‌కి మా ఇంట్లో వంటగది ఎటో చెప్పాలి! హాస్లమ్ గారూ, కదలకండి. ఈ రాయి మీంచి లేచారంటే చూడండి!" అని, ‘సిరిల్! ఎడమకి! నీ ఎడమ కాదు!’ అని అరుచుకుంటూ ఆవిడా మబ్బులోకి దూకింది.

ఉన్నట్టుండి నిశ్శబ్దం.

విల్ఫ్రెడ్ చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. పొద్దుటినుంచీ ఎలా అడగాలో తెలియక మింగేసిన కోరిక, ఆజ్ఞగా దొరికింది. గోడ గాలిని ఆపుతోంది. వాన కూడా మర్యాదగా తగ్గింది. సంచీలో వెచ్చగానే ఉంది. మ్యూరియల్ కూర్చున్నట్టే గోడకు వీపు ఆనించి, ఆవిడ చూసిన వైపే చూశాడు.

బూడిదరంగు మబ్బు. ఇంకొంచెం చూశాడు. ఇంకొంచెం మబ్బు. ఒక గొర్రె వచ్చి, ఆయన్నీ సంచీనీ పరిశీలించి, నచ్చక వెళ్ళిపోయింది. ఇదేనా నువ్వు చూసింది మ్యూరియల్? ఇందుకా అన్నేళ్ళు చలిలో కూర్చున్నావు? నన్ను పైకి పంపి నువ్విలా కూర్చునేదానివా?

అప్పుడే అవతలి పక్క మబ్బు చిరిగింది. దొడ్డి వెనకనుంచి ఒక కాలిబాట, చాలామంది నడిచి నున్నబడ్డ బాట, పచ్చిక మీదుగా కిందికి దిగి, కూతవేటు దూరంలో ఒక తెల్ల ఇంటి ముంగిట్లో ఆగింది. పొగగొట్టంలోంచి పొగ వస్తోంది. మబ్బు లేని రోజుల్లో పైనుంచి ఆ ఇల్లు చూశాడు. ఎవరో గొర్రెలవాళ్ళ ఇల్లనుకున్నాడు. ఇప్పుడు దాని తలుపు పక్కన ‘టీ’ అని సున్నంతో రాసిన పలక కనిపిస్తోంది.

ఒక్క కప్పు తాగి వచ్చేయవచ్చు అనుకున్నాడు. వాళ్ళు వచ్చేలోపల.

తలుపు తీసిన ముసలావిడ పేరు ఆగ్నెస్. బర్కెట్‌కు వరసకు మేనత్త. నారింజరంగు సంచీలో గెంతుకుంటూ వచ్చిన మనిషిని చూసి ఆవిడ ఏమాత్రం చలించలేదు.

"ఆ సంచీ బయట విప్పి లోపలికి రా నాయనా. నేల ఇప్పుడే తుడిచాను. కొండ మీంచేనా?"

"లేదమ్మా. దొడ్డి దగ్గర కూర్చుని వస్తున్నాను."

"దొడ్డి దగ్గరా? అక్కడెవరు కూర్చుంటారు? చలికి గొర్రెలే కూర్చోవు."

"మా ఆవిడ కూర్చునేది" అన్నాడు విల్ఫ్రెడ్, కాస్త రోషంగా. "ఏటా ఆగస్టులో. నేను పైకెళ్ళి వచ్చేదాకా."

ఆగ్నెస్ చేతిలో టీ జాడీ గాల్లోనే ఆగింది. "నీలం ఉన్ని టోపీ? నవ్వితే ముక్కు ముడుచుకునేది?"

"అవును."

"మ్యూరియల్! అయితే నువ్వేనా ఆ కొండల పిచ్చి మొగుడివి?"

విల్ఫ్రెడ్ కుర్చీ వెతుక్కుని కూలబడ్డాడు. ఆగ్నెస్ చెప్పుకుపోయింది. నువ్వు ఆ మలుపు తిరగ్గానే ఇక్కడ వాలేది. కేకు, వెన్నా జామూ పూసిన రొట్టె. ఫ్లాస్కులో చల్లారిన టీ పారబోసి పొగలు కక్కే టీ నింపుకుని పోయేది. విల్ఫ్రెడ్ నోరు తెరుచుకుని విన్నాడు. శిఖరం నుంచి వణుకుతూ దిగి వచ్చేసరికి ఆ టీ నాలుక కాలేది. ఆ ఫ్లాస్కు గొప్పదనం ఆయన తను పనిచేసిన కాలేజీలో చెప్పని మనిషి లేడు. ఆయన మాట నమ్మి ప్రిన్సిపాలు గారు కూడా ఒకటి కొన్నారు. మాకు వచ్చింది మీదాని లాంటిది కాదయ్యా అని చివరిదాకా సణిగారు.

"‘ఆయనకి చెప్పకు ఆగ్నెస్, కొండ ఎక్కడమంటే పడి చస్తాడు. నేను కింద కులాసాగా ఉన్నానని తెలిస్తే ఎక్కడం మానేసి నాతో ఉండిపోతాడు’ అనేది" అని నవ్వింది ఆగ్నెస్.

"నాకా శిఖరం ఎప్పుడూ ఇష్టం లేదమ్మా" అన్నాడు విల్ఫ్రెడ్. "ఆవిడకి వినడం ఇష్టమని ఎక్కేవాణ్ణి."

ఆగ్నెస్ ఆయన్ని కాసేపు చూసి, ఏప్రన్‌లో మొహం దాచుకుని, భుజాలు ఎగిరెగిరిపడేలా నవ్వింది. ఆయనా నవ్వాడు. జనవరి తర్వాత అలా నవ్వడం అదే మొదలు.

"ఈ ఏడు రాలేదేం మరి?" అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ.

చెప్పాడు. ఆవిడ లేచి వెళ్ళి, పెద్ద కేకు ముక్క కోసి, ఆయన ముందు పెట్టి, పొయ్యిలో ఇంకో దుంగ వేసింది.

అలా ఎంతసేపు గడిచిందో ఆయనకు తెలియదు. మధ్యలో కొండ మీంచి విజిళ్ళు, అరుపులు వినిపించాయి. "పాపం, ఎవరో చిక్కుకున్నట్టున్నారు. వెళ్ళి సాయపడదామా?" అన్నాడు.

"అక్కడికి పోయేవాళ్ళు పోతార్లే. నువ్వు తిను" అంది ఆగ్నెస్.

తలుపు ధడాలున తెరుచుకుంది. ముందు హిల్డా, నిలువెల్లా బురదతో. వెనక బర్కెట్, తాళ్ళతో లాంతర్లతో లోయలోని మగవాళ్ళంతా. వాళ్ళ మధ్య స్ట్రెచర్. స్ట్రెచర్ మీద డెరెక్. రాయి ఖాళీగా కనిపించగానే అతను దొడ్డి గోడెక్కి పిలవబోయాడు. గోడలోంచి ఒక రాయి, ఆ వెనకే అతనూ కింద పడ్డారు.

"నాకేం కాలేదు" అంటున్నాడు డెరెక్.

"కదలకు. అదే రెండో లక్షణమని నువ్వే చెప్పావుగా" అన్నాడు బర్కెట్.

ఆ వెనక సిరిల్ వచ్చి, విల్ఫ్రెడ్‌ను చూసి, ఆయన ముందున్న కేకును చూసి, పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"హాస్లమ్ గారూ!" అంది హిల్డా. "ఖాళీ రాయి చూసి నేనేమైపోయానో తెలుసా? మిమ్మల్ని తీసుకొచ్చి నేనే చంపేశాననుకున్నా!"

విల్ఫ్రెడ్ లేచి నిలబడ్డాడు. ఆ తడిసిన మొహాలన్నీ తన కోసమే తడిశాయని ఇప్పుడు కనిపించింది. సర్దిచెప్పే మాటలు నాలిక చివరికొచ్చాయి. వాటిని పక్కకు నెట్టి, ఉన్నమాట చెప్పేశాడు.

"క్షమించండమ్మా. నాకు శిఖరం అక్కర్లేదు. ఆ రాయి మీద ఒక గంట ఒంటరిగా కూర్చోవాలనుకున్నాను. అంతే. మీరు సరదాపడుతున్నారని చెప్పలేకపోయాను."



"సరదానా?" అంది హిల్డా. "నాకు కొండలంటే ఒళ్ళుమంట. మీరు రెండుసార్లు పిలిచారని వచ్చాను."

"నాకు క్రికెట్ ఉండింది" అన్నాడు సిరిల్, నోటినిండా కేకుతో.

బర్కెట్ పైపు వెలిగించుకున్నాడు. "ఎందుకు అని గేటు దగ్గరే అడిగాను" అన్నాడు.

అందరూ టీ తాగారు. ఆగ్నెస్ పిండివంటల డబ్బాలన్నీ ఖాళీ అయ్యాయి. డెరెక్ స్ట్రెచర్ మీంచే తన కాలికి తనే కట్టు కట్టుకుని, చూడమని అందరికీ చూపించాడు. నిజంగానే చక్కటి కట్టు. తర్వాత ఒక్కొక్కరే లేచి కింది బాట పట్టారు. హిల్డా గడపలో ఆగి, "నింపాదిగా రండి. మీకు దారి తెలుసు" అంది. అంతకంటే మంచిమాట ఆ రోజు ఆయన వినలేదు.

గది ఖాళీ అయ్యాక విల్ఫ్రెడ్ చలికాలం నాటి ప్రశ్న బయటికి తీశాడు. "ఇక్కడ కూర్చుని తను ఏం చూసేదమ్మా?"

ఆగ్నెస్ ఆయన్ని లేపి, కిటికీ పక్కనున్న పాత కుర్చీలో కూర్చోబెట్టింది. "ఇక్కడ కూర్చునేది. వేరే ఎవరైనా కూర్చుంటే లేపేది కూడా. అటు చూడు."

సాయంత్రపు ఎండకు మబ్బు పైకి లేచిపోతోంది. కిటికీ అద్దం మధ్యలో, చేత్తో తీసుకోవచ్చన్నట్టు, గ్రేబారో శిఖరం.

"నువ్వు ఆ పైన చీమలా కనిపించేవాడివి. నువ్వు దిగడం మొదలెట్టగానే ‘వస్తున్నాడు’ అని కప్పు పెట్టేసి, ఫ్లాస్కు పట్టుకుని పరిగెత్తేది. మొగుణ్ణి అంతసేపు అలా చూసే ఆడదాన్ని నేను చూళ్ళేదు నాయనా."

విల్ఫ్రెడ్ చాలాసేపు ఆ శిఖరాన్నే చూశాడు. అక్కడ ఎవరూ లేరు. అయినా చూపు తిప్పుకోలేదు. కాసేపటికి అడిగాడు.

"మరి శిఖరాన్ని మబ్బు కమ్మేసిన రోజున?"

"ఆ రోజున ఇంకో ముక్క కేకు తినేది."

ఆగస్టులో గ్రేబారో శిఖరం మబ్బులోంచి బయటపడే రోజులు బహు తక్కువని ఆ లోయలో అందరికీ తెలుసు.